లేఖకుని ఆసనము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభదినమున నాలుగు మాటలు చెప్పు అవకాశమును నాకు కల్పించిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. నాకు ముందు మాటాడిన పెద్దలు 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి ఈ ఉద్యమమునకై పాటుపడిన మహనీయులను స్మరించిరి. వారి మాటలపై నేను చేర్చవలసినది లేదు. నేను పండితుడను గాను. సహకార పరపతి సంఘములో లెక్కలు వ్రాయువాడను. సాయంకాలములందు ఈ గ్రంథాలయపు దీపము క్రింద నిఘంటువు చేతబట్టి, గురువు లేకయే భారత భాగవతములు చదువుకొన్నవాడను. కావున నాకు తెలిసిన లెక్కను, నాకు ప్రియమగు వ్రాతను, ఆ రెంటిని మోయు శరీరమును గూర్చి మాత్రమే మాటాడుదును.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము గలదు. రాబోవు మాసమున మన గ్రంథాలయమునకు నాలుగు కంప్యూటర్లు రానున్నవి. దాతల దయవలన యంత్రములకు ధనము సమకూరినది. కాని వానిని ఏ బల్లపై నుంచవలెను, వాని ముందు ఏ కుర్చీ వేయవలెను అను ప్రశ్న ఇంకను తేలలేదు. “పాత చదువుబల్లలున్నవి గదా, ప్లాస్టికు కుర్చీలున్నవి గదా, వేరే ఖర్చెందులకు?” అని కొందరు మిత్రులనుచున్నారు. ఖర్చు తగ్గింపవలెనను వారి తలంపు మెచ్చదగినదే. అయితే ఆ ఖర్చు నిజముగా తగ్గుచున్నదా, లేక మన పద్దులోనుండి మన పిల్లల దేహముల పద్దులోనికి మారుచున్నదా అని విచారింపవలసియున్నది.

ప్రాచీన తాళపత్ర ప్రతులను చూచిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. దేశమంతటను సంస్కృత ప్రతుల చివర లేఖకులు ఒక శ్లోకమును వ్రాసియుంచుట కనబడుచున్నది. తన నడుమును మెడయు విరిగినవనియు, చూపు కదలక బిగిసినదనియు, తలవంచుకొని ఎంతో ప్రయాసతో ఈ ప్రతిని సిద్ధము చేసితిననియు, కావున దీనిని భద్రముగ కాపాడుడనియు లేఖకుడు చదువరిని వేడుకొనుచున్నాడు. మనము దానిని గ్రంథభక్తికి నిదర్శనముగ చదువుదుము. లెక్కలు వ్రాయువాని కంటితో చదివినచో అది రోగి తన బాధలను వరుసగ చెప్పుకొన్న పట్టీవలె నున్నది. వీపు, నడుము, మెడ, కన్ను. నేడు కంప్యూటరు ముందు కూర్చుండువారు వైద్యుని కడ చెప్పుకొనునవి సరిగా ఈ నాలుగే. చేతి బాధ ఒక్కటి వానికి చేరినది. గంటము పోయి కలము వచ్చెను, కలము పోయి కీబోర్డు వచ్చెను. తల వంచిన లేఖకుడు మాత్రము అట్లే యున్నాడు.

ఈ బాధ మన దేశమునకే చెందినది గాదు. ఇటలీ దేశమున బెర్నార్డినో రామజ్జిని అను వైద్యుడు 1700లో వివిధ వృత్తులవారి రోగములను గూర్చి ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. 1713లో దానికి అనుబంధము చేర్చుచు, లేఖకులకు, దస్తావేజులు వ్రాయువారికి ఒక ప్రకరణమును కేటాయించెను. వారి బాధకు ఆయన చూపిన కారణములు మూడు. ఎడతెగక కూర్చుండుట మొదటిది. చేయి ఒక్క తీరుననే నిరంతరము కదలుట రెండవది. లెక్క తప్పునేమో, యజమానికి నష్టము వచ్చునేమో అని మనస్సు బిగబట్టుకొని యుండుట మూడవది. ఈ మూడవ కారణమును చదివినప్పుడు, మూడు వందల యేండ్లనాటి ఆ పరదేశి మా సంఘపు కార్యాలయమున సంవత్సరాంతపు తనిఖీనాడు నా ప్రక్కన కూర్చుండి చూచెనా అని నాకు తోచినది.

ఆయనే ఒక దస్తావేజులవాని కథ చెప్పెను. జీవితమంతయు వ్రాతతోనే గడపిన ఆ మనుష్యుని కుడిచేయి సత్తువ తప్పి, ఏ మందులకును లొంగలేదట. జీవనోపాధి పోవునని అతడు పట్టుదలతో ఎడమచేతితో వ్రాయుట నేర్చెను. కొంతకాలమునకు ఎడమచేయియు అదే దారి పట్టెను. చేతిని మార్చుట చికిత్స గాదు, పని చేయు తీరును మార్చవలెనని ఈ కథవలన మనము గ్రహింపవలెను.

పిమ్మట టెలిగ్రాఫు మీట నొక్కువారికి చేయి కొంకరపోవు వ్యాధి వచ్చెను. బ్రిటనులో 1908నాటికి దానిని నష్టపరిహారమునకు అర్హమగు వృత్తిరోగముల పట్టికలో చేర్చిరి. 1857లోనే పోలండు దేశీయుడగు యస్త్‌షెంబోఫ్‌స్కి అను శాస్త్రజ్ఞుడు, పనిని గూర్చిన శాస్త్రమునకు గ్రీకు పదములతో ‘ఎర్గొనామిక్స్’ అను పేరు పెట్టెను. ఎర్గాన్ అనగా పని, నోమోస్ అనగా ధర్మము. మన భాషలో కర్మధర్మమనవచ్చును. 1949లో ఇంగ్లండున ఆ శాస్త్రమునకు ఒక పరిషత్తు ఏర్పడెను. దాని సారమంతయు ఒక్క వాక్యములో చెప్పవచ్చును: మనుష్యుని పనిముట్టునకు తగినట్లు వంచరాదు, పనిముట్టును మనుష్యునకు తగినట్లు అమర్చవలెను.

ఇచ్చట ఒక పెద్దమనిషి లేచి, “మా తాతలు నేలపై కూర్చుండియే వ్రాసిరి గదా, వారికేమైనది?” అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మా తండ్రిగారు 1984లో కరణపు పదవులు రద్దగువరకు ఈ గ్రామపు లెక్కలు వ్రాసిరి. చాపపై కూర్చుండి, గోడకు చేరగిలి, వాలుబల్ల ముందుంచుకొని వ్రాయుట నేను చూచితిని. ఆ బల్లపలక వ్రాయువాని వైపు వాలియుండుటవలన కాగితము కంటి వైపు లేచును, మెడ అంతగా వంగదు. అది యొక ఉపాయము. అంతకు మించినది, ఆయన దినమంతయు కూర్చుండలేదు. అజమాయిషీకి పొలముగట్ల వెంట తిరుగవలెను, సర్వే రాళ్ళు చూడవలెను, జమాబందికి తాలూకా కచ్చేరికి పోవలెను. వ్రాతకు నడుమ నడక ఉండెడిది. నేడో, అడంగలు, పాసుపుస్తకము, బ్యాంకు, తపాల అన్నియు తెరమీదికే వచ్చినవి. 2022లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించెను. పని త్వరగా సాగుట మేలే. కాని ఆసనమునుండి లేవవలసిన నిమిత్తములన్నియు ఒక్కొక్కటిగా తొలగిపోయినవి. మన తాతల కూర్చుండు తీరును మాత్రము తలచి, వారి తిరుగుడును మరచుట సరిగాదు.

2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు నగరములలో కొలువులు చేయు మన పిల్లలు గ్రామమునకు తిరిగివచ్చి, మంచముపై కూర్చుండి, ల్యాప్‌టాపు ఒడిలో పెట్టుకొని పనిచేసిరి. వారిలో నాకు మేనకోడలి వరుస చిరంజీవి యొకతె కలదు. ఆమె అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాను. ఒక సంస్థకు దినమునకు పది గంటలు అంకెలు ఎక్కించెడిది. మొదట బొటనవ్రేలును చూపుడువ్రేలును తిమ్మిరెక్కినవి. పిదప అర్ధరాత్రి మేలుకొని చేయి విదల్చుకొనుట మొదలాయెను. పిదప నీళ్ళచెంబు చేతినుండి జారుట మొదలాయెను. పై అధికారితో చెప్పగా, అందరికిని ఉండునదేనని బదులు వచ్చినదట. ఇంటిలో చెప్పగా, కూర్చుండి చేయు పనికి నొప్పి యేమని మనవారే నవ్వినారట. వైద్యుని చూచునప్పటికి సంవత్సరము దాటెను. మణికట్టునకు శస్త్రచికిత్స జరిగినది. తిమ్మిరి తగ్గినది కాని, పట్టునందలి సత్తువ ఇంకను పూర్తిగా తిరిగిరాలేదు. జడ తానే అల్లుకొనలేక తల్లిచేత అల్లించుకొనుచున్నది. వయస్సు ఇరువదియాఱు.

మన గ్రంథాలయములో రేపు కూర్చుండబోవువారు ఈ వయస్సువారును, ఇంతకు చిన్నవారును. వారి చేతులే వారి పొలములు. అందుచేతనే ఈ మాటలు చెప్పుచున్నాను.

ఇక ఆసనము ఎట్లుండవలెనో విచారింతము. భగవద్గీత ఆరవ అధ్యాయమున ధ్యానము చేయువాని ఆసనము మరీ ఎత్తుగాను, మరీ పల్లముగాను ఉండరాదనియు, దేహము, తల, మెడ సరియైన నిలువున ఉండవలెననియు చెప్పబడినది. పతంజలి ఆసనమునకు స్థిరత్వము, సుఖము అను రెండు లక్షణములే చెప్పెను. యోగికి చెప్పినది గుమాస్తాకు ఎట్లు పట్టునందురేమో! గంటల తరబడి ఒకచోట కూర్చుండు దేహము ఇరువురిదియు ఒక్కటే. ఎముకలకు యోగియనియు గుమాస్తాయనియు భేదము తెలియదు.

ఎత్తు, పల్లము అనునవి ఎవరికి? ఇదియే అసలు ప్రశ్న. మన పూర్వులు కొలతలన్నిటిని దేహమునుండియే తీసిరి. అంగుళము, బెత్తెడు, జాన, మూర, బార అన్నియు మన చేతులే. మన నేతగాడు మగ్గపు గుంటను తన కాళ్ళు ఇముడునట్లు త్రవ్వుకొనును. దున్నువాడు మేడి తన చేతికి అందునట్లు నాగలి చేయించుకొనును. చదువుకొన్న మనము మాత్రము ఎవరి దేహమునకో చేసిన బల్లయొద్ద కూర్చుండి, మన భుజములను దానికి సరిపెట్టుకొనుచున్నాము. భారతీయుల దేహపరిమాణములు వేరని గుర్తించి, ఆ కొలతలపై దేబ్‌కుమార్ చక్రబర్తిగారు రచించిన గ్రంథమును అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థ 1997లో ప్రచురించినది. అంత దూరము పోనవసరము లేదు. ఒక టేపు చాలును.

గతవారము నేను టేపుతో మన చదువుబల్లను కొలిచితిని. ఎత్తు 30 అంగుళములు. ఐదడుగుల ఎత్తుగల ఒక బాలికను పాదములు నేలకు చక్కగా ఆనునట్లు కూర్చుండబెట్టి, భుజములు సడలించి మోచేయి వంచుమని, నేలనుండి మోచేతివరకు కొలిచితిని. 24 అంగుళములు. కీబోర్డు ఉండవలసినది మోచేతి ఎత్తున. నడుమ 6 అంగుళముల వ్యత్యాసము. ఆ బల్లపై చేతులుంచవలెనన్నచో ఆమె భుజములను చెవులవైపు ఎత్తి పట్టుకొనవలెను. రెండు భుజములను ఎత్తి ఒక్క అయిదు నిమిషములు ఉండి చూడుడు, తరువాత రెండు గంటల మాట ఆలోచింతము.

ఉపాయమేమి? కుర్చీని 6 అంగుళములు ఎత్తు చేసి, పాదముల క్రింద 6 అంగుళముల పీట వేయవలెను. పీట లేకుండ కుర్చీని మాత్రము ఎత్తినచో కాళ్ళు వ్రేలాడి, కుర్చీ అంచు తొడల అడుగుభాగమును నొక్కును. లేదా వడ్రంగిచేత ఒక బల్ల కాళ్ళు కోయింపవలెను. అప్పుడు బల్ల క్రింది అడ్డుపలక తొడలకు తగులకుండునట్లు చూడవలెను. కుర్చీ పలక మోకాలి వెనుకభాగమునకు తగులక, రెండు మూడు వ్రేళ్ళు దూరునంత ఎడముండవలెను. నడుము వంపునకు ఆనిక కావలెను. వీపుపలక అందనిచో తువ్వాలు చుట్టి పెట్టుకొనినను సరిపోవును. మోచేతులు ప్రక్కలకు దగ్గరగా ఉండి, లంబకోణమునకు గాని అంతకు కొంచెము విప్పుగా గాని వంగవలెను. మణికట్టు పైకి విరుగరాదు, ప్రక్కకు తిరుగరాదు. ముంజేతికి నేరుగా ఉండవలెను. కీబోర్డు వెనుకనున్న చిన్న కాళ్ళను లేపుట చాలమందికి అలవాటు. దానివలన మణికట్టు వెనుకకు విరుగును గనుక వానిని మడచియుంచుటయే మేలు.

తెర విషయము. మనుష్యుని తల బరువు సుమారు 5 కిలోలు. అది మెడపై నిలువుగా నున్నంతవరకు బాధలేదు. ముందునకు వంగినకొలది మెడపై పడు భారము పెరుగును. 2014లో న్యూయార్కు వైద్యుడు హన్స్‌రాజ్ ఒక గణిత నమూనాతో లెక్కకట్టి, తల 60 డిగ్రీలు వంగినప్పుడు ఆ భారము సుమారు 27 కిలోలకు సమానమగునని చూపెను. లెక్క నమూనాదే యైనను, ఎనిమిదేండ్ల పిల్లవానిని మెడపై నెక్కించుకొని సెల్‌ఫోను చూచుచున్నామని దాని అర్థము. కావున తెర పైఅంచు కంటి ఎత్తునకు గాని, కొంచెము దిగువకు గాని ఉండవలెను. చాచిన చేయి వ్రేళ్ళకొసలకు తెర అందునంత దూరము సుమారుగా తగినది. అక్షరములు కనబడనిచో ముఖమును ముందుకు చాచరాదు. అక్షరములను పెద్దవి చేసికొనవలెను. నావలె రెండు చూపుల కండ్లద్దములు పెట్టుకొనువారు క్రిందిభాగముతో చదువుటకై గడ్డమెత్తి చూతురు. అట్టివారికి తెరను మరికొంత దించవలెను.

ల్యాప్‌టాపునకు పుట్టుకతోనే ఒక లోపము గలదు. తెరయు మీటలును కలిసియుండుటచేత ఒకటి సరియైన ఎత్తునకు వచ్చినచో రెండవది రాదు. గంటల తరబడి పని చేయువారు దానిని ఎత్తుపై నుంచి, వేరొక కీబోర్డును మౌసును తగిలించుకొనవలెను. ఎత్తునకు గ్రంథములను వాడవలెనని కొందరందురు. గ్రంథాలయమున నిలిచి ఆ మాట నేననజాలను! నాలుగు ఇటుకలకు అట్టకాగితము చుట్టిన చాలును. సరస్వతికి అపచారమును లేదు, మెడకు నొప్పియు లేదు.

మౌసు కీబోర్డును ఆనుకొని, దాని ఎత్తుననే ఉండవలెను. లెక్కలు వ్రాయువారికి ఇందొక చిక్కు గలదు. కీబోర్డు కుడిప్రక్కన అంకెల మీటలుండుటచేత మౌసు దూరముగ జరుగును. దానికై చేయి చాచి చాచి భుజము పట్టుకొనును. అంకెలతో పనిలేని సమయమున అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డు వాడుట మేలు. తెలుగు వ్రాయువారికి మరియొక విశేషము. 1991లో భారత ప్రమాణముగ అంగీకరింపబడిన ఇన్‌స్క్రిప్టు అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. గుణింతములతో వ్రాయునప్పుడు రెండు చేతులు ఒకదానికొకటి విశ్రాంతి నిచ్చుకొనుచు సాగును. ఇది మంచి ఏర్పాటు. అయితే పొల్లు మీట ఎడమచేతి నడిమివ్రేలి క్రింద నున్నది. ఒత్తక్షరమునకెల్ల ఆ వ్రేలే పనిచేయవలెను. నావలె గ్రాంథికము వ్రాయువాని నడిమివ్రేలికి శ్రమ ఎక్కువయని వేరుగ చెప్పనక్కరలేదు. మీటను బలముగా మోదక మెల్లగా తాకుట అలవరచుకొనవలెను.

వెలుతురు. కిటికీ తెరకు ఎదురుగాను, వెనుకగాను ఉండరాదు, ప్రక్కగా ఉండవలెను. ఎదురుగా ఉన్నచో తెరపై ప్రతిబింబము పడును. వెనుకనున్నచో కన్ను మిరుమిట్లు గొనును. తెరను చూచునప్పుడు మనము రెప్పవేయుట తగ్గిపోవుటచేత కన్ను ఎండి మండును. పంకా గాలి ముఖమునకు నేరుగా తగిలినచో అది మరింత ఎక్కువగును. కావున 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరముననున్న వస్తువును 20 సెకండ్లు చూడుమని కంటివైద్యులు చెప్పుదురు. మన అదృష్టమువలన కిటికీ బయట వేపచెట్టున్నది. అది ఇంచుమించు అంత దూరముననే యున్నది.

ఇంత చెప్పిన పిమ్మట ముఖ్యమగు మాట చెప్పవలెను. ఎంత చక్కని ఆసనమైనను, కదలక కూర్చుండినచో అదియును బాధయే. వ్యాసుడు చెప్పగా వినాయకుడు భారతము వ్రాసిన కథ లోకప్రసిద్ధము. కలము ఆగరాదని వినాయకుని నియమము, అర్థము తెలియనిదే వ్రాయరాదని వ్యాసుని నియమము. కఠినమగు శ్లోకము వచ్చినప్పుడెల్ల లేఖకుడు ఒక క్షణమాగి ఆలోచించెను, ఆ క్షణమున కవి ముందునకు సాగెను. దేవుడగు లేఖకునికే నడుమ నడుమ విరామము కలిగినప్పుడు, మానవునకు వద్దనుట ఎట్లు? అరగంట కొకసారి లేచి నాలుగడుగులు నడచుట పనికి ఆటంకమని తలపరాదు. అది పనిలోని భాగమే. నేటి సెల్‌ఫోనులు మనము చెప్పిన తెలుగును విని వ్రాయుచున్నవి. పెద్ద లేఖలకు ఆ సాయము తీసికొని, ఆ కొంతసేపు మనము వ్యాసులమై చేతికి సెలవీయవచ్చును.

ఇక గుర్తింపవలసిన లక్షణములు. మణికట్టులో ఎముకలకును ఒక గట్టి కట్టునకును నడుమ సన్నని సొరంగము గలదు. వ్రేళ్ళను ముడుచు త్రాళ్ళవంటివి తొమ్మిదియు, వానితోపాటు ఒక ముఖ్యమగు నరమును దానిగుండ పోవును. లోపల వాపు వచ్చినచో నరము నలుగును. అప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. రాత్రియందు అది హెచ్చును. చిటికెనవ్రేలు తిమ్మిరెక్కినచో అది వేరొక నరము. తరచుగా మోచేయి గట్టి అంచుపై ఆనించుటచేత నలిగియుండవచ్చును. దీనికంతటికి కీబోర్డొక్కటే కారణమనుటయు పొరపాటు. మధుమేహము, గర్భధారణ, థైరాయిడు లోపము, బలముగా పట్టి చేయు పనులు కూడ కారణములు గావచ్చును. అందుచేతనే స్వంత చికిత్సలును, తైలముతో పిసుకుటలును నమ్ముకొనక, తిమ్మిరి వారము పదిదినములు నిలిచినను, పట్టు తగ్గినను వెంటనే వైద్యుని చూడవలెను. తొలిదశలో విశ్రాంతితోను, మణికట్టు కట్టుతోను కుదురుకొనునది, ఆలస్యమైనచో కత్తివరకు పోవును.

“ఇదంతయు సోమరితనమునకు శాస్త్రము” అని పరిహసించువారున్నారు. ఎండలో నాట్లు వేయు తల్లుల ముందు, నీడలో కూర్చుండువాని నొప్పిని చెప్పుకొనుట సిగ్గని మన పిల్లలును దాచుకొనుచున్నారు. నాట్లు వేయు తల్లి నడుము నొప్పియు నిజమే, దానికిని ఇట్టి విచారణ జరుగవలసినదే. ఒకరి నొప్పిని చూపి మరియొకరి నొప్పిని కొట్టివేయుట లెక్క గాదు. దేహము తన చిట్టాను తానే వ్రాసికొనుచున్నది. వంగిన ప్రతి గంటను ఖర్చు క్రింద చూపుచున్నది, లేచి తిరిగిన ప్రతి నిమిషమును జమ కట్టుచున్నది. నొప్పి యనునది అది మనకు పంపు మొదటి తాఖీదు. దానిని చింపి పారవేసినంత మాత్రమున బాకీ తీరదు, వడ్డీ పెరుగును.

కావున కార్యవర్గమువారికి నా విన్నపములు ఇవి. ఎత్తు మార్చుకొనుటకు వీలగు కుర్చీలు నాలుగింటికి ధనము లేనిచో రెండైనను కొనవలెను. మిగిలినవానికి మెత్తలును, పాదములకు రెండు ఎత్తుల పీటలును చేయింపవలెను. ఒక పాత బల్లను పిల్లలకై 25 అంగుళములకు కోయింపవలెను. కంప్యూటర్లను తూర్పు కిటికీకి ప్రక్కవాటుగ నుంచవలెను. గోడకు ఒక టేపు వ్రేలాడదీసి, మోచేయి, కన్ను, పాదము అను మూడు కొలతలను ప్రతివారును కూర్చుండకముందు చూచుకొనునట్లు పెద్ద అక్షరములతో ఒక పలక కట్టవలెను. అరగంటకు మించి ఎవరును ఎడతెగక కూర్చుండకుండునట్లు హాజరు పుస్తకములో సమయము వ్రాయింపవలెను. పీటలకును, బల్ల కోతకును వడ్రంగి అడిగిన కూలి, ఒక కీబోర్డు వెలకు మించలేదు. ఆ కూలిని ఈ రజతోత్సవ సందర్భమున నేనే చెల్లింతునని సభాముఖమున మనవి చేయుచున్నాను.

ఇరువదియైదు వత్సరములుగా ఈ గ్రంథాలయము మన కన్నులకు వెలుగిచ్చినది. ఆ కన్నులు మండకుండ, ఆ మెడలు వంగకుండ, ఆ చేతులు తిమ్మిరెక్కకుండ చూచుటయు గ్రంథాలయ సేవయేయని నా నమ్మకము.  ఇంతసేపు మిమ్ము కదలక కూర్చుండబెట్టితిని. ఇక అందరును ఒక్కమారు లేచి నిలువబడి, భుజములు సడలించుకొని, తరువాతి వక్త మాటలను వినవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.